గృహశుకము

ఇటీవల మా వీథిలోని యొక బాలుడు నాయొద్దకు వచ్చి, తమ యింటికి చిలుకను దెచ్చుకొన నిశ్చయించితిమనియు, దానికి దగిన పేరొకటి చెప్పవలయుననియు, తెచ్చుటకు ముందు ఇంట నేమేమి సిద్ధము చేసికొనవలయునో పూర్వగ్రంథములం దున్నచో తెలుపవలయుననియు నడిగెను. పంజరము కొని యుంచినారు. గంపమీద గుడ్డ కప్పుకొని వీథివెంట వచ్చు నొక వర్తకుడు పిల్లచిలుకను దెచ్చి యిత్తునని మాట యిచ్చినాడట. పేరు చెప్పుట సులభము. రెండవ ప్రశ్నకు మాత్రము నేను వెంటనే ప్రత్యుత్తర మీయజాలక, వారము దినములు గడువు కోరితిని.

అశ్వములకు శాలిహోత్రము, గజములకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదము, డేగలకు రుద్రదేవుని శ్యైనికశాస్త్రము కలవు. చిలుకను గూర్చిన మాటలు మాత్ర మట్లొకచోట గాక, వేదమునందును, అర్థశాస్త్రమునందును, వైద్యమునందును, జాతకకథలందును, కావ్యములందును చెదరియున్నవి. వాని నేరి యొకచోట జేర్చి చూడగా నాకొక విశేషము తోచినది. పూర్వులు చిలుకకై సిద్ధపరచుకొన్నవానిలో పంజరము స్వల్పము, ఆహారము స్వల్పము. ఇంటివారి వాక్కే ముఖ్యము. ఈ సన్నాహమును మనకు దెలుపు గ్రంథములే మరియొక సంగతిని గూడ దెలుపుచున్నవి. అది చిలుక యెటనుండి వచ్చినదన్న ప్రశ్న. ఈ రెండింటిని గలిపి విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

నామము, ప్రాచీనత

సంస్కృతమున శుకము, కీరము పర్యాయపదములు. తెనుగున చిలుక. తమిళమున కిళి యనియు, కన్నడమున గిళి యనియు వ్యవహారము. తాలవ్యాచ్చు పరమగునపుడు మొదటి కకారము తెనుగున చకారమగుట భాషావేత్తలకు సుపరిచితము. కన్నడపు కివి తెనుగున చెవి యైనట్లే చిలుక శబ్దమును ఆ మూలమునుండియే పుట్టినది. కావున నీ పేరు సంస్కృతమునుండి వచ్చినది కాదు, దాక్షిణాత్యుల స్వంతము. ఈ దేశమున మనుష్యుడును ఈ పక్షియు నెంతకాలము నుండి పొరుగువారో దీనివలన నూహింపవచ్చును.

వేదమునందు శుకశబ్దము మొదట కనబడుట రోగనివృత్తి ప్రార్థనలో. ఋగ్వేదము ప్రథమమండలమున సూర్యుని గూర్చిన సూక్తమున, కామెరవలన గలిగిన పసిమిని తననుండి తీసి చిలుకలయందును, మరికొన్ని పక్షులయందును ఉంచవలెనని ఋషి కోరినాడు. అక్కడ చిలుకకు రంగే గాని పలుకు లేదు. తెనుగుదేశమున నధికముగా నధ్యయనము చేయబడు తైత్తిరీయసంహితకు వచ్చునప్పటికి చిలుకకు మనుష్యవాక్కు వచ్చినది. అశ్వమేధమున దేవతలకు నిర్దేశింపబడిన జంతువులను, పక్షులను లెక్కించుచు, మనుష్యునివలె మాటాడు గోరువంకను సరస్వతికిని, మనుష్యునివలె మాటాడు చిలుకను సరస్వంతునికిని చెప్పియున్నారు. అడవిచిలుక మనుష్యవాక్కు నెరుగదు. మనుష్యుల నడుమ నుంచి, మాట విన్పించి, నేర్పినగాని యది పలుకదు. కావున ఆ కాలమునకే చిలుకలను దెచ్చి పలుకు నేర్పు నాచారము స్థిరపడి యుండవలయును. వాగ్దేవతకు పలుకు పక్షి తగునని యనుకొన్న యా భావమే పిదప సాహిత్యమున చిలుకకు గలిగిన గౌరవమునకు బీజము.

పరదేశీయులు మన చిలుకను జూచి యాశ్చర్యపడినదియు పలుకును జూచియే. క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్ది చివర పారసీకచక్రవర్తి యాస్థానమున వైద్యుడుగా నుండిన క్టీసియస్ అను యవనుడు, హిందూదేశమున డేగయంత ప్రమాణముగల యొక పక్షి మనుష్యస్వరముతో ఆ దేశపుభాష మాటాడుననియు, యవనభాష నేర్పినచో దానినిగూడ మాటాడుననియు వ్రాసినాడు. ఎఱ్ఱని ముఖమును, నల్లని గడ్డమును అతడు చెప్పుటనుబట్టి, అతడు వర్ణించినది ఎఱ్ఱతల చిన్నచిలుక యని పక్షిశాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. భుజమున ఎఱ్ఱమచ్చగల పెద్దచిలుకకు యూరపుభాషలలో అలెగ్జాండరు పేరే నిలిచినది.

పంజరము

చిలుకను దెచ్చువాడు మొదట జూచుకొనునది దాని యునికిపట్టు. వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని గృహమును వర్ణించుచు, శయ్య, వీణ, చిత్రఫలకము, పుస్తకము మొదలగునవి లోపల నుండవలయునని చెప్పి, క్రీడాపక్షుల పంజరములు మాత్రము గదికి వెలుపల నుండవలయునని విధించినాడు. ఈ చిన్న విధిలో రెండు ప్రయోజనములు కలవు. పక్షికి గాలియు వెలుతురును దొరకును. ఇంటివారి యేకాంతమునకు భంగము గలుగదు. రెండవ ప్రయోజన మెంత గొప్పదో ముందు చెప్పెదను.

ఆ గదిలో వీణను తగిలించుటకు నాగదంతము, అనగా ఏనుగుదంతపు మేకు, గోడకు బిగింపబడి యుండును. మన తెనుగిండ్లలో ఆ మేకు కొయ్యతో జేయబడి చిలుక యాకారమును బొంది చిలుకకొయ్య యైనది. ఉత్తరీయము తగిలించుటకు ప్రతిదినము చేయి చాచు వస్తువునకు సయితము చిలుకరూపమునే యిచ్చిన జాతికి, ఈ పక్షి లేని యిల్లు శూన్యముగా దోచెను కాబోలు.

కావ్యములందలి పంజరములు బంగారువి. బాణభట్టు కాదంబరిలో శూద్రకమహారాజు సభకు చండాలకన్యక వెంట వచ్చిన బాలుడు మోసిన పంజరము బంగారుకమ్ముల దయ్యును, లోపలి చిలుక కాంతిచే మరకతములతో జేసినదివలె నగపడినదట. శిల్పమునందు దీనికి భిన్నమైన యొక పంజరమును జూడగలము. మథురకు సమీపముననున్న భూతేశ్వరమున దొరకి, ఇప్పుడు కలకత్తా ప్రదర్శనశాలలో నున్న కుషానకాలపు యక్షిణీవిగ్రహములలో నొకతె చేత పంజరమున్నది. చిలుక దానిలో లేదు. అది వెలికి వచ్చి యామె భుజముమీద వ్రాలియున్నది. పంజరము చేతను, పక్షి భుజమునను. పెంపుడుపక్షికిని బందీపక్షికిని గల భేదమును ఆ శిల్పి యొక రాతిపై నిరూపించినాడు.

ఆహారము

ఆహారవిషయమున గ్రంథములందు వైమత్యము లేదు. దానిమ్మగింజలు, నేరేడుపండ్ల రసము, ఉసిరికలు: కాదంబరిలో వైశంపాయనుడను చిలుక అంతఃపురమున తాను భుజించినట్లు రాజునకు విన్నవించిన భోజ్యము లివి. సభలో నా చిలుక కుడికాలెత్తి శ్లోకము చదివి రాజును స్తుతించినను, రాజు దానిని వెంటనే కథ చెప్పుమని నిర్బంధింపలేదు. మొదట విశ్రాంతి గల్పించి, భోజనము పెట్టించి, తృప్తిగా భుజించితివా యని యడిగి, అటుపిమ్మటనే దాని వృత్తాంతము నడిగెను. క్రొత్తగా నింటికి వచ్చిన పక్షిని మొదటి దినముననే పలుకుమని పీడింపరాదన్న మర్యాద దీనియందు స్పష్టముగా గలదు. పక్షివైద్యులు నేడును జెప్పునది యిదియే.

రాజుల యిండ్లలో చిలుక తినునదే కాక, రాజు తినునదియు చిలుక జాగరూకతకు లోబడియుండెను. సర్పవిషశంక గలిగినపుడు చిలుకయు, గోరువంకయు, భృంగరాజపక్షియు అరచుననియు, విషసాన్నిధ్యమున చకోరము కన్నులు రంగు మారుననియు కౌటిల్యుడు చెప్పినాడు. సుశ్రుతసంహిత కల్పస్థానమునందును దాదాపుగా నిట్లే యున్నది. గృహమునకు శోభ కొరకును, రాజునకు రక్షణ కొరకును నిట్టి పక్షులను సమీపమున నుంచవలయునని సుశ్రుతుడు విధించెను. ఈ శక్తి నిజమా యన్నది వేరుమాట. చిలుకను దెచ్చుట వినోదమాత్రముగాక, ఒక యుద్యోగమున నియమించుటగా పూర్వులు భావించిరన్నది ఇచ్చట ముఖ్యము.

పలుకు

ఇక వాక్కు. శుకసారికలను పలికించుట అరువదినాలుగు కళలలో నొకటి. నాగరకుడు భోజనానంతరము చేయవలసిన పనులలో వాత్స్యాయనుడు దీనిని బేర్కొనెను. అది తీరిక సమయము, తొందర లేని సమయము. శిక్షకుడును శిష్యుడును తృప్తులై యున్న సమయము.

దీనిని రోమకుల పద్ధతితో పోల్చి చూడదగును. క్రీస్తుశకము 77వ సంవత్సరమున ప్రకృతిచరిత్రమును సమర్పించిన ప్లినీ, హిందూదేశమునుండి వచ్చు చిలుక చక్రవర్తులకు నమస్కారము పలుకుననియు, దాని తల ముక్కువలె గట్టిది గనుక పలుకు నేర్పునపుడు ఇనుపకడ్డీతో తలమీద గొట్టవలయుననియు, లేనిచో దానికి దెబ్బ తెలియదనియు వ్రాసినాడు. మన గ్రంథములలో చిలుకకు విద్య నేర్పు సందర్భముల నిట్టి కడ్డీ నాకు కానరాలేదు. బడులలో బెత్తమును బట్టు మాకు ఇది యాలోచింపదగిన విషయము.

దండము లేకున్న చిలుక యెట్లు నేర్చును? ఇంట నిత్యము వినబడుదానినే నేర్చును. దీనికి ప్రసిద్ధోదాహరణము శంకరవిజయకథ. మాహిష్మతీనగరమున మండనమిశ్రుని యిల్లెక్కడ యని శంకరులడుగగా, నీరు మోయు స్త్రీలు, ఏ యింటి ముంగిట పంజరములలోని చిలుకలు ప్రామాణ్యము స్వతస్సిద్ధమా, పరతస్సిద్ధమా యని వాదించుచున్నవో అదియే మండనుని గృహమని గుర్తు చెప్పిరి. ఆ చిలుకలకు మీమాంస నెవరును గూర్చుండబెట్టి నేర్పి యుండరు. ఇంట రేయింబవళ్లు జరుగు చర్చయే వాని నోట వెడలినది. చిలుక యింటికి వ్రాసిపెట్టని పేరుపలక.

ఈ యర్థమునే బౌద్ధుల సత్తిగుంబజాతకము మరింత గాఢముగా జెప్పుచున్నది. ఒకే తల్లికి బుట్టిన రెండు చిలుకపిల్లలు సుడిగాలిచే నెగురగొట్టబడి, ఒకటి దొంగలపల్లెలో ఆయుధముల నడుమను, ఇంకొకటి ఋషుల యాశ్రమమున పువ్వుల నడుమను పడెను. వేటలో పరివారమును విడిచి యొంటరియైన పాంచాలరాజు దొంగలపల్లెకడ విశ్రమింపగా, మొదటి చిలుక అతనిని జంపి దోచుకొందమని పలికెను. అతడు భయపడి పరుగెత్తి యాశ్రమము చేరగా, రెండవ చిలుక స్వాగతమిచ్చి, పండ్లును జలమును స్వీకరింపుమనెను. పుట్టుక యొకటే, విన్నమాటలు వేరు. చిలుకను దెచ్చుకొనువా డేమి సిద్ధము చేసికొనవలయునను ప్రశ్నకు ప్రాచీనవాఙ్మయము చెప్పిన యుత్తమోత్తర మిది: ముందుగా తన నోటిని సిద్ధము చేసికొనవలయును.

తెనుగువారు చిలుకకు రామనామము నేర్పి రామచిలుక యని పిలుచుటలోను, మధుర మీనాక్షీదేవాలయమున పూర్వము కిళిక్కూండుమండపములో చిలుకల నుంచి దేవి పేరు పలికించుటలోను ఈ భావమే యున్నది. అది చిలుకకు పుణ్యమో కాదో. నేర్పువాడు మాత్రము దినమునకు నూరుమారులు భగవన్నామ ముచ్చరింపక తప్పదు.

రహస్యభేదము

వాక్కును సిద్ధపరచుకొనని యింటికి చిలుక ప్రమాదకారి. మంత్రాలోచన జరుపు స్థలము పక్షులకు సయితము కానరానిదిగా నుండవలయుననియు, చిలుకలచేతను గోరువంకలచేతను రహస్యము వెల్లడియైనట్లు వినికి గలదనియు కౌటిల్యుడు హెచ్చరించినాడు. మనువును ఆలోచనవేళ తొలగింపవలసినవారి పట్టికలో తిర్యగ్జంతువులను జేర్చెను. పంజరము గదికి వెలుపల నుండవలయునన్న వాత్స్యాయనుని విధిని దీనితో జేర్చి చూడుడు.

రాజ్యరహస్యమునకు గల భయము కావ్యములందు దాంపత్యరహస్యమున కైనది. అమరుకుని శతకమున నొక నవోఢ రాత్రి భర్తతో నాడిన మాటలను, ఉదయమున పెద్దలయెదుట ఇంటిచిలుక వల్లించుటకు మొదలిడగా, ఆమె సిగ్గుపడి చెవికమ్మయందలి పద్మరాగపుముక్కను దానిమ్మగింజయని మిషపెట్టి దాని నోటి కందించెను. శ్రీహర్షుని రత్నావళిలో కథ నడచునదియే పంజరమునుండి తప్పించుకొన్న గోరువంక వల్లించిన మాటలవలన.

మరికొందరు గృహస్థులు చిలుకను బుద్ధిపూర్వకముగా గూఢచారిగా నియమించిరి. రాధజాతకమున బ్రాహ్మణు డొకడు ప్రయాణమై పోవుచు, భార్య నడవడిని గమనింపుడని రెండు చిలుకలకు జెప్పెను. ఒక చిలుక ఆమెకు హితము చెప్పబోయి మెడ విరువబడి ప్రాణము గోల్పోయెను. రెండవది మౌనము వహించి, యజమానుడు తిరిగి వచ్చిన పిమ్మట, ఇక నీ యింట నుండజాలనని యడవికి బోయెను. సంస్కృత శుకసప్తతికథకు మూలభావ మిదియే. దానిని పాలవేకరి కదిరీపతి తెనుగున కావ్యముగా రచించెను. 1330 ప్రాంతమున నక్షబీ పారసీకమున తూతీనామాగా జెప్పగా, గోలకొండయాస్థానకవి గవ్వాసీ 1639 ప్రాంతమున దానిని దక్కనీభాషలోనికి దెచ్చెను. తెనుగుదేశమున నొకే కాలపు పరిసరములలో రెండు భాషలలో నీ చిలుక కథలు చెప్పినదన్నమాట. ఈ కథలన్నిటను చిలుక నేర్చినదానిని వల్లించుట మాని, సమయమెరిగి తన బుద్ధితో మాటాడుచున్నది. చిలుకపలుకులని మనము పరిహసించునది ఒకటి. ఆ కవులు చిలుకయందు జూచినది మరియొకటి.

చిలుక పక్షము

ఈ భేదమును గూర్చి బాబరుపాదుషా స్వీయచరిత్రమున నొక చక్కని ఘట్టము గలదు. హిందూస్థానపు పక్షులను వర్ణించుచు నాతడు, చిలుకయు గోరువంకయు నేర్పినదానినే చెప్పునుగాని తమంతట నాలోచించి చెప్పజాలవని తాననుకొన్నట్లు వ్రాసి, తన పరివారములోని అబుల్ కాసిం జలాయిర్ చెప్పిన సంగతిని జేర్చినాడు. ఆతని చిలుక పంజరముపై నొకమారు ముసుగు కప్పగా, ముసుగు తీయుమనియు తనకు ఊపిరాడుట లేదనియు చిలుక పలికెనట. ఇంకొకమారు మోయువారు దారిలో దింపుకొని విశ్రమింపగా, దారినబోవువారిని జూచి, అందరును వెళ్లిపోయిరి, మనము వెళ్లమా యనెనట. చెప్పినవానిదే పూచీ యనియు, చెవులార విననిదే నమ్మజాలమనియు బాబరు తీర్పు. నిజమైనను కాకపోయినను, చిలుక తనకై తాను మాటాడినదని మనుష్యుడు చెప్పుకొన్న మొదటి మాట ముసుగు తీయుమనుట యగుట గమనింపదగినది.

చిలుక తన కథను సంపూర్ణముగా జెప్పుకొన్నది మాత్రము బాణుని కాదంబరిలోనే. ఏడవ శతాబ్దిలో హర్షుని (606-647) యాస్థానమున నుండిన యా మహాకవి, రాజసభలోని బంగారుపంజరమును వర్ణించి యూరకొనలేదు. చిలుకచేతనే దాని పుట్టుక చెప్పించెను. పంపాసరస్సు దాపున నొక ముసలి బూరుగుచెట్టు. దాని తొఱ్ఱలో గూడు. ప్రసవవేదనచే తల్లి మరణింపగా, ముదుసలియై యెగురలేని తండ్రి, ఇతరుల గూళ్లనుండి జారిన వరిగింజలను, పండ్లముక్కలను ఏరి తెచ్చి బిడ్డకు బెట్టి, మిగిలినది తాను దినుచుండెను. ఒకనాడు శబరసైన్యము వేటాడి పోయిన పిమ్మట, మాంసము దొరకని ముసలిశబరు డొకడు ఆ చెట్టెక్కి, తొఱ్ఱలలోనుండి పిల్లలను పండ్లు కోసినట్లు తీసి చంపి నేల బడవైచెను. బిడ్డను రెక్కలక్రింద దాచుకొన్న తండ్రి మెడయు నులిమి విసరివైచెను. తండ్రిరెక్కల నడుమ నున్న పిల్ల యెండుటాకుల కుప్పపై బడి బ్రదికి, జాబాలి యాశ్రమము చేరినది. వైశంపాయనుడు సభలో శ్లోకము చదివినప్పుడు అబ్బురపడిన రాజునకు ఆ శ్లోకము వెనుక నీ చెట్టు గలదు. మన పాఠ్యభాగములందు మొదటి ఘట్టమును శ్రద్ధతో జెప్పి, రెండవదానిని సమాసవిభజనతో ముగించుచున్నాము.

జానపదులు దీనిని మరియొక రీతిని నిలిపినారు. బాలనాగమ్మకథలో మాయలఫకీరు ప్రాణము దూరదేశపు చిలుకలో నున్నది. చిలుకకు హాని గలిగినచో మనుష్యునికి హాని. భక్తరామదాసుగారి కథ యింతకంటె స్పష్టము. పాల్వంచపరగణాకు తహశీలుదారైన కంచెర్ల గోపన్న భద్రాచలదేవాలయమునకై ప్రభుత్వధనమును వ్యయపరచి, తానీషా (1672-1687) ప్రభుత్వమున గోలకొండలో పండ్రెండేండ్లు బందీయైనాడని ప్రసిద్ధి. అంతటి భక్తునకు అన్ని యేండ్ల చెర యేలయని యడిగిన జనులు తామే యుత్తరము గూడ కల్పించుకొనిరి: పూర్వజన్మమున నాతడు చిలుకను పంజరమున బంధించినాడట. ఈ కథకు చారిత్రకప్రమాణము వెదకుట వ్యర్థము. కాని యొక జాతి మనసును దెలుపుటకు ఇంతకు మించిన ప్రమాణ మక్కరలేదు. చిలుకకు రాముని పేరు పెట్టినవారే, రాముని భక్తుని చెరకు చిలుకచెరను హేతువుగా జెప్పిరి.

చిలుకకు పైరుదొంగ యను పేరును గలదు. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, పొరుగురాజులతోపాటు చిలుకలను గూడ ఆరు ఈతిబాధలలో లెక్కించిరి. జొన్నచేలలో మంచెలెక్కి వడిసెలతో చిలుకలను దోలుట మన రైతు లెరిగినదే. అట్లయ్యును హాలసాతవాహనుని గాథాసప్తశతిలో నొక గాథాకారుడు ఆకసమునుండి దిగుచున్న చిలుకల బారును జూచి, గగనలక్ష్మి మెడనుండి జారిన మరకతపద్మరాగముల హారమని సంతోషించెను. ఆ హారమున గూర్చబడిన మణులలో నొక్కటియు పంజరమున లేదు.

ఉపసంహారము

చిలుక యేల పలుకునన్నదానికి నేటి విజ్ఞాన మొక సమాధానము చెప్పుచున్నది. ఇది గుంపుగా జీవించు పక్షి. తనవారి కూతలను విని నేర్చి, వానిచేతనే యొండొరులను గుర్తించును. ఒంటరిగా మనుష్యుల నడుమ నుంచినచో వారినే తన గుంపుగా భావించి, వారి కూతనే నేర్చును. అనగా మనము పాండిత్యమని మెచ్చుకొనునది, తనవారిని గోల్పోయిన ప్రాణి మనలను తనవారిగా జేసికొనుటకు జేయు ప్రయత్నము. ఇట్టి పక్షి శ్రద్ధగా బోషింపబడినచో 20, 30 ఏండ్లు జీవించును. పదేండ్ల బాలుడు తెచ్చిన చిలుక అతని బిడ్డలకు సయితము పలుకు వినిపింపవచ్చును. ఆ బాలుని సంతోషము ఒక వేసవి నిలుచునో లేదో.

ధర్మశాస్త్రమును నేడు మారినది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టమును, దాని సవరణలను అనుసరించి, మన దేశపు చిలుకలను బట్టుట, అమ్ముట, కొనుట, ఇంట బెంచుట నేరములు. రామచిలుకయు అందులోనిదే. విదేశీయజాతులను బెంచువారు సయితము వానిలో ననేకములను ప్రభుత్వమునకు దెలిపి నమోదు చేయింపవలయునని 2024లో నియమము లేర్పడినవి. గంపమీద గుడ్డ కప్పుకొని వచ్చువాడు కప్పుటకు కారణ మిదియే. ఆ గుడ్డక్రింద నున్నది బాణుడు చెప్పిన బూరుగుతొఱ్ఱలోని పిల్లయే. దాని తోబుట్టువు లెన్ని దారిలో మరణించినవో వర్తకుడు చెప్పడు.

కొంద రిది మన సంప్రదాయమునకు విరుద్ధమని వాదింతురు. శుకసారికాప్రలాపనము అరువదినాలుగు కళలలో నొకటి కాదా యని వారి ప్రశ్న. అవును. కాని సంప్రదాయమున వాత్స్యాయనుడొక్కడే లేడు. బాణుడును, రాధజాతకకారుడును, రామదాసుకథ చెప్పిన యవ్వలును గలరు. భూతేశ్వరశిల్పి పంజరమునుండి చిలుకను వెలికి దెచ్చి భుజముమీద నిలిపినాడు. శ్రీవిల్లిపుత్తూరున, ఆముక్తమాల్యద కథానాయికయైన గోదాదేవి చేతి చిలుకను నేటికిని ప్రతిదినము ఆకులతో గ్రొత్తగా గట్టి, దానిమ్మపూవుతో ముక్కు దీర్చి యర్పించుచున్నారు. దేవికి చిలుక కావలసినపుడు అడవికి వలయు, గంపయు అక్కరలేదాయెను.

వారము గడచిన పిమ్మట బాలుడు మరల వచ్చినాడు. నేను వానికి కాదంబరిలోని బూరుగుచెట్టుకథను తెనుగున జెప్పితిని. విని కొంతసేపు మాటాడక, మరి పంజరము కొనినాము గదా, దాని నేమి చేయవలయునని యడిగెను. తలుపు తీసి, గింజలు పోసి గోడమీద నుంచుమంటిని. చిలుకకై యిల్లు సిద్ధము చేయదలచినచో పెరటిలో జామచెట్టును నాటవలయుననియు, వేసవిని మట్టిమూకుడులో నీరు పోసి పెట్టవలయుననియు, కోతలకాలమున వరికంకులను కుచ్చుగా గట్టి వాకిట వ్రేలాడదీయవలయుననియు, తొఱ్ఱలున్న ముసలిచెట్టును ఎండినదని నరికింపరాదనియు జెప్పితిని. ఇల్లు మాత్ర మెప్పటివలెనే మంచిమాటలు పలుకవలయును. వినుటకు చిలుక లేకపోయినను పిల్ల లుందురు గదా.

పూర్వగ్రంథములలో నిట్టి విషయములు మరిన్ని గలవు. పాఠశాలలలో కాదంబరిని బోధించు పండితులు బంగారుపంజరముతో నాపక, బూరుగుచెట్టువరకు విద్యార్థులను గొనిపోవుదురు గాక.